ఓసీడీ, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్న బిడ్డకు బడిలో ఏ సాయం అడగాలి?



మీ బిడ్డకు ఓసీడీ, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని డాక్టరుగారు చెప్పారు. మందులు రాశారు. కౌన్సెలింగుకు రమ్మన్నారు. ఆ చీటీ పట్టుకుని బయటికి వచ్చాక మీలో చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే. "మరి బడి సంగతి ఏమిటి సిస్టర్? అక్కడ రోజూ దెబ్బలు తింటున్నాడు. టీసీ తీసుకెళ్ళిపొమ్మంటున్నారు."

రోజుకు ఏడెనిమిది గంటలు బడిలో గడిపే బిడ్డకు ఇంట్లో మాత్ర వేస్తే సరిపోదు. బడిలో కూడా కొన్ని సర్దుబాట్లు కావాలి. వాటిని అడిగే హక్కు మీకు ఉంది. అయితే ఈ రెండు జబ్బులకూ ఒకే రకం సాయం పనికిరాదు. ఒకదానికి మేలు చేసే సాయం రెండోదాన్ని పెంచవచ్చు. అందుకే బడికి వెళ్ళేముందు ఏమి అడగాలో, ఏమి అడగకూడదో తెలుసుకోవాలి.

ఈ రెండు జబ్బులూ ఏమిటి?

ఏడీహెచ్‌డీ అంటే అటెన్షన్ డెఫిసిట్ హైపర్ యాక్టివిటీ డిజార్డర్. దృష్టిని ఒకచోట నిలపడం, తొందరను ఆపుకోవడం, పనిని వరుసలో పెట్టుకోవడం ఈ పిల్లలకు కష్టం. లక్షణాలు 12 ఏళ్ళలోపే కనిపిస్తాయి. ఇంట్లోనూ, బడిలోనూ ఉంటాయి. కనీసం ఆరు నెలలుగా ఉంటేనే డాక్టర్లు ఈ పేరు పెడతారు. ఊరికే అల్లరి చేసే ప్రతి పిల్లవాడికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు.

ఓసీడీ అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. అక్కరలేని ఆలోచన ఒకటి మనసులో దూరి, ఎంత తోసినా పోదు. చేతికి మురికి అంటింది, రాసింది తప్పు, అమ్మకు ఏదో అయిపోతుంది వంటి ఆలోచనలు. ఆ భయం తగ్గడానికి బిడ్డ ఒక పనిని మళ్ళీ మళ్ళీ చేస్తాడు. చేతులు కడగడం, రాసింది చెరిపి మళ్ళీ రాయడం, బ్యాగు జిప్పు పదిసార్లు చూడడం, మనసులో లెక్కపెట్టడం, "తప్పేం లేదు కదమ్మా?" అని అడుగుతూనే ఉండడం. ప్రార్థనలో ఒక మాట తప్పిందని మొదటినుంచి మళ్ళీ చెప్పుకునే పిల్లలూ ఉన్నారు. అది భక్తి ఎక్కువై కాదు, విశ్వాసం తక్కువై కాదు, గాలి సోకీ కాదు. చికిత్సతో తగ్గే జబ్బు. మన ఇళ్ళల్లో దీన్ని చాదస్తం అని కొట్టిపారేస్తారు. కానీ ఈ ఆలోచనలూ పనులూ రోజుకు గంటకు పైగా తినేస్తుంటే, బిడ్డను బాధపెడుతుంటే, చదువు సాగనివ్వకపోతే అది చాదస్తం కాదు.

ఈ రెండూ ఒకే బిడ్డలో ఉండడం అరుదేమీ కాదు. తరగతిలో చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. పేపరు సగమే రాశాడు, నోట్సు పూర్తి కాలేదు, పిలిస్తే పలకలేదు అని టీచరుగారు అంటారు. మనసు కిటికీ బయటికి పోయినందువల్ల రాయలేకపోయాడా? మొదటి జవాబులోనే ఒక అక్షరం బాగా రాలేదని అక్కడే ఆగిపోయాడా? మొదటిది మనసు నిలవకపోవడం, రెండోది మనసు కదలకపోవడం. కారణం తెలిస్తేనే సాయం కుదురుతుంది.

ఏడీహెచ్‌డీ కోసం అడగవలసినవి

ఇవి తేలికైనవి. ఖర్చు లేనివి. అరవైమంది ఉన్న తరగతిలో కూడా చేయగలిగినవి.

1. ముందు బెంచీలో, కిటికీకి, తలుపుకు దూరంగా కూర్చోబెట్టడం.

2. ఒకేసారి నాలుగు పనులు చెప్పకుండా ఒక్కొక్కటిగా చెప్పడం, బోర్డు మీద కూడా రాయడం.

3. హోంవర్కు డైరీలో రాసుకున్నాడో లేదో బడి వదిలే ముందు టీచరుగారు ఒకసారి చూడడం.

4. గంటకొకసారి లేచి తిరిగే అవకాశం ఇవ్వడం. నోటుపుస్తకాలు పంచమనవచ్చు, ఆఫీసుకు వెళ్ళి రిజిస్టరు తెమ్మనవచ్చు. బిడ్డకు అది శిక్షలా కాక గౌరవంగా ఉంటుంది.

5. ఒకే రకం లెక్కలు ఇరవై బదులు ఎనిమిదో పదో ఇవ్వడం. పాఠం వచ్చిందా లేదా అన్నది ముఖ్యం.

6. శిక్షగా ఆటల పీరియడు తీసేయకపోవడం. కదలక తప్పని బిడ్డను కదలకుండా కూర్చోబెడితే తరువాతి పీరియడు ఇంకా కష్టమవుతుంది.

ఓసీడీ విషయంలో జాగ్రత్త

ఇక్కడ మన ప్రేమే ఒక్కోసారి జబ్బుకు బలం ఇస్తుంది. బిడ్డ భయపడ్డాడు, చేతులు కడిగాడు, భయం కాసేపు తగ్గింది. దాంతో కడగడం వల్లే తాను బతికిపోయానని మెదడు నేర్చుకుంటుంది. ఈసారి భయం ఇంకా తొందరగా వస్తుంది, ఇంకా ఎక్కువసేపు కడగమంటుంది. "ఏమీ కాదు నాన్నా" అని మీరు ఇరవైసార్లు చెప్పినా ఇదే జరుగుతుంది. ఓసీడీకి చేసే థెరపీలో బిడ్డను కొంచెం కొంచెంగా ఆ భయాన్ని ఎదుర్కొనేలా, ఆ పనిని చేయకుండా ఆగేలా అలవాటు చేస్తారు. బడిలో ఇచ్చే సాయం ఈ థెరపీకి ఎదురు నడవకూడదు.

కాబట్టి "ఎప్పుడు అడిగినా బాత్‌రూముకు పంపండి", "ఎన్నిసార్లు అడిగినా జవాబు చెప్పండి", "వాడి బెంచీ ఎవరినీ ముట్టుకోనివ్వకండి" అని అడగవద్దు. అవి బిడ్డకు సాయంలా కనిపిస్తాయి గానీ, నిలబడేది జబ్బే.

అలాగని బలవంతంగా ఆపమనీ కాదు. చేతులు పట్టుకుని ఆపడం, అందరిముందు వెక్కిరించడం, రబ్బరు లాక్కోవడం భయాన్ని పెంచుతాయి. ఎంత తగ్గించాలో, ఎప్పుడు తగ్గించాలో థెరపిస్టు చెప్పాలి. అడగదగినవి ఇవి.

1. బాత్‌రూముకు రోజుకు ఇన్నిసార్లు అని లెక్క పెట్టి, అన్ని కార్డులు ఇవ్వడం. నాలుగుతో మొదలుపెడితే కొన్ని వారాలకు మూడుకు దించవచ్చు. ఈ లెక్క థెరపిస్టు చెప్పాలి. దాహం, కడుపునొప్పి, ఆడపిల్లలకు నెలసరి వంటి నిజమైన అవసరానికి ఈ లెక్క అడ్డు రాకూడదు.

2. పెన్సిలు, రబ్బరు బదులు పెన్ను. తప్పు వస్తే ఒక్క గీత కొట్టి ముందుకు పోవాలి. చేతిరాతకు, కొట్టివేతలకు మార్కులు తగ్గించకూడదు.

3. బిడ్డ పదేపదే అడిగే ప్రశ్నకు టీచర్లందరూ ఒకే మాట చెప్పడం. "ఇది నీ ఓసీడీ అడుగుతోంది, నీకు జవాబు తెలుసు, పని కొనసాగించు" అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పి ఆగాలి.

4. భయం బాగా ఎక్కువైన రోజున ఐదు నిమిషాలు కూర్చోవడానికి ఒక చోటు, వెళ్ళి మాట్లాడగలిగే ఒక టీచరు.

5. ఉదయం ఇంట్లో ఆలస్యమై బడికి ఆలస్యంగా వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబెట్టకపోవడం. ఈ వెసులుబాటుకు ఒక గడువు ఉండాలి.

రెండూ కలిసినప్పుడు

తల్లిదండ్రులు మొదట అడిగేది పరీక్షలో అదనపు సమయం. చాలామంది పిల్లలకు అది అవసరమే. కానీ ఒక ఏడో తరగతి బాబును ఊహించుకోండి. గంట పరీక్షలో మూడు జవాబులు రాశాడు. ఇరవై నిమిషాలు ఎక్కువ ఇచ్చారు. ఆ ఇరవై నిమిషాలూ మొదటి జవాబును కొట్టి మళ్ళీ రాయడానికే పోయాయి. అంతసేపు కదలకుండా కూర్చోలేక చివర్లో లేచిపోయాడు. సమయం పెరిగింది, మార్కులు పెరగలేదు.

అటువంటి బిడ్డకు పేపరును రెండు భాగాలుగా ఇచ్చి, మధ్యలో మూడు నిమిషాలు లేచి తిరగనివ్వడం, కొద్దిమందే ఉన్న గదిలో రాయించడం, పది నిమిషాలకొకసారి "తరువాతి ప్రశ్న" అని టీచరుగారు బల్ల మీద తట్టడం ఎక్కువ మేలు చేయవచ్చు. ముందు యూనిట్ టెస్టుల్లో రెండు పద్ధతులూ చేసి చూడమనండి. జవాబు పత్రాలు రెండూ పక్కపక్కన పెడితే ఏది పనిచేసిందో మీకే తెలుస్తుంది.

పనుల జాబితా విషయంలోనూ ఇంతే. బ్యాగులో ఏమేమి పెట్టుకోవాలో రాసి ఇస్తే ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డకు మరుపు తగ్గుతుంది. ఓసీడీ కూడా ఉంటే ఆ జాబితానే పదిసార్లు చూస్తూ కూర్చోవచ్చు. అందుకని ఒక్కసారి టిక్కులు పెట్టి, ఆ కాగితం టీచరుకో అమ్మకో ఇచ్చేయాలి. మళ్ళీ అడిగితే ఇవ్వకూడదు. "ఇంకోసారి సరిచూసుకో" అనే మాట మిగతా పిల్లలకు మంచి సలహా. ఈ బిడ్డకు మాత్రం "ఒకసారి చూశావు, చాలు" అని చెప్పాలి.

చట్టం ఏమంటోంది?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. దీని 16వ సెక్షను ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే బడులు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు వైకల్యం ఉన్న పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలి. గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి, మిషన్ బడి, కార్పొరేట్ బడి కూడా ఇందులోకి వస్తాయి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి అంటే స్క్రైబు, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు వంటివి 17వ సెక్షనులో ఉన్నాయి.

ఈ చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది. ఓసీడీ తీవ్రంగా ఉంటే డాక్టర్లు దాన్ని మానసిక వ్యాధి అనే రకం కింద లెక్కిస్తారు. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో విడిగా లేదు. చదవడం, రాయడం, లెక్కలలో ప్రత్యేక ఇబ్బంది కూడా ఉంటే దానికి వేరే పరీక్ష చేయించండి. ఆ ఇబ్బంది జాబితాలో ఉంది.

40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య వంటి కొన్ని హక్కులు అదనంగా ఉన్నాయి. అయితే తగిన సర్దుబాటు కోరడానికి 40 శాతం ఉండి తీరాలన్న నియమం లేదు. స్క్రైబు విషయంలో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టంగా చెప్పింది. "సర్టిఫికెట్ లేదు కదా" అని బడివారు అంటే ఈ మాట గుర్తుంచుకోండి. ముందు బెంచీ, బాత్‌రూము కార్డు, పెన్నుతో రాయనివ్వడం వంటివాటికి ఏ సర్టిఫికెట్టూ అక్కరలేదు. డాక్టరుగారి ఉత్తరం, హెడ్మాస్టరుగారి మంచి మనసు చాలు.

బోర్డు పరీక్షలకు మాత్రం సర్టిఫికెట్ అడుగుతారు. సీబీఎస్‌ఈలో అర్హత ఉన్న పిల్లలకు 3 గంటల పేపరుకు 60 నిమిషాలు అదనంగా ఇస్తారు. రాష్ట్ర బోర్డు పదో తరగతికయినా, సీబీఎస్‌ఈకయినా దరఖాస్తు బడి ద్వారానే వెళ్ళాలి. తొమ్మిదో తరగతిలోనే ఈ పని మొదలుపెట్టండి. నామినల్ రోల్సు పంపిన తరువాత అడిగితే కష్టం. సర్టిఫికెట్ కోసం యూడీఐడీ కార్డుకు ఆన్‌లైనులో దరఖాస్తు చేసుకుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేస్తారు.

"మా బిడ్డకు వికలాంగుడని ముద్ర వేస్తారా? ఆడపిల్ల, రేపు పెళ్ళి కావాలి" అని మీరు భయపడడం మాకు తెలుసు. సర్టిఫికెట్ తీసుకోవడం మీ ఇష్టం, బలవంతం లేదు. మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉండాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 చెబుతోంది. హెడ్మాస్టరుకు, క్లాసు టీచరుకు చెబితే చాలు. తోటి పిల్లలకు, వారి తల్లిదండ్రులకు తెలియవలసిన పని లేదని ఉత్తరంలోనే రాయండి.

బడికి ఎలా వెళ్ళాలి?

మొదట వారం రోజులు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఏ సబ్జెక్టులో ఆగిపోతున్నాడు, హోంవర్కుకు ఎంతసేపు పడుతోంది, ఎన్నిసార్లు చెరుపుతున్నాడు. బిడ్డను కూడా అడగండి, "బడిలో అన్నిటికంటే కష్టమైన సమయం ఏది?" అని. మీరు అనుకోని జవాబు రావచ్చు.

తరువాత డాక్టరుగారిని ఉత్తరం అడగండి. జబ్బు పేరు ఒక్కటే రాస్తే టీచరుకు ఉపయోగం ఉండదు. దానివల్ల తరగతిలో ఏమి కష్టమవుతోంది, ఏ సర్దుబాటు కావాలి, ఎన్నాళ్ళు కావాలి అన్నవి అందులో ఉండాలి. మధ్యాహ్నం మాత్ర ఉంటే అదీ రాయించండి.

అపాయింట్‌మెంటు తీసుకుని ఇద్దరూ వెళ్ళండి. గేటు దగ్గర నిలబడి మాట్లాడే విషయం కాదు ఇది. తప్పు పట్టడానికి వచ్చినట్టు కాకుండా, సాయం కోరడానికి వచ్చినట్టు మాట్లాడండి. టీచరుగారికి కూడా అరవైమంది పిల్లలు, సిలబసు ఒత్తిడి ఉంటాయి. ఐదు కోరికలకు మించి పెట్టుకోకండి. నోటిమాటతో సరిపెట్టకండి. ఈ నమూనా ఉత్తరం చూడండి.

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారములు. మా అబ్బాయి / అమ్మాయి ............ మీ బడిలో ...... తరగతి చదువుతున్న సంగతి మీకు తెలుసు. తనకు ఓసీడీ, ఏడీహెచ్‌డీ ఉన్నాయని డాక్టరుగారు నిర్ధారించి చికిత్స చేస్తున్నారు. వారి ఉత్తరం జతపరిచాము. తన చదువు ఆగిపోకుండా ఈ కింది సర్దుబాట్లు చేయవలసిందిగా కోరుతున్నాము: 1. ముందు బెంచీ. 2. పెన్నుతో రాయనివ్వడం, కొట్టివేతలకు మార్కులు తగ్గించకపోవడం. 3. రోజుకు ...... బాత్‌రూము కార్డులు. 4. యూనిట్ టెస్టు పేపరు రెండు భాగాలుగా ఇవ్వడం. 5. హోంవర్కు ...... నిమిషాలకు మించకుండా చూడడం. ఈ వివరాలు గోప్యంగా ఉంచగలరు. నెల తరువాత మిమ్మల్ని కలిసి ఏది ఉపయోగపడిందో మాట్లాడతాము."

రెండు ప్రతులు తీసుకువెళ్ళి ఒకదాని మీద బడి ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోండి.

బడివారు ఒప్పుకోకపోతే?

మొదటిసారి కాదన్నారని బడి మార్చకండి. బడి మారిస్తే కొత్త చోట అన్నీ మొదటినుంచి చెప్పుకోవాలి. బిడ్డకు భయమూ పెరుగుతుంది. డాక్టరుగారిని గానీ కౌన్సెలరుగారిని గానీ ఒకసారి ఫోనులో మాట్లాడమనండి. చాలాసార్లు దానితో సరిపోతుంది.

అప్పటికీ కుదరకపోతే ఎం.ఈ.ఓ.కు, డి.ఈ.ఓ.కు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. ప్రభుత్వ బడి అయితే మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం పనిచేసే టీచర్లు ఉంటారు, వారిని కలవండి. వైకల్యం కారణంగా వివక్ష చూపితే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. కొట్టడం, మానసికంగా వేధించడం మాత్రం ఒక్కరోజు కూడా సహించవలసినవి కావు. విద్యాహక్కు చట్టం 2009 లోని 17వ సెక్షను వాటిని నిషేధించింది.

బిడ్డ బడికి పోనని మొండికేస్తున్నా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, "చచ్చిపోతాను" అన్నా తేలికగా తీసుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. అర్ధరాత్రి అయినా టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

నెలకొకసారి సరిచూడండి

బడిలో ఇచ్చే సాయం శాశ్వతం కాదు. ఓసీడీ తగ్గుతున్నకొద్దీ దానికోసం ఇచ్చిన వెసులుబాట్లు కూడా తగ్గాలి. కార్డులు తగ్గడం, ఆలస్యానికి ఇచ్చిన గడువు ముగియడం చికిత్స పనిచేస్తోందనడానికి గుర్తు. ఏడీహెచ్‌డీ కోసం ఇచ్చినవి ఎక్కువకాలం ఉండవచ్చు, కొన్ని పదో తరగతి దాకా ఉండవచ్చు. ఏది తీయాలో, ఏది ఉంచాలో మీకు మీరుగా నిర్ణయించకండి. బడిలో బాగున్నాడు కదా అని మందులు కూడా మానేయకండి.

ఈసారి చూపించుకోవడానికి వచ్చేటప్పుడు మందుల చీటీతో పాటు మీ నోటుపుస్తకం, బిడ్డ రాసిన యూనిట్ టెస్టు పేపర్లు రెండు తీసుకురండి. ఆ పేపర్లలోని కొట్టివేతలు, వదిలేసిన ప్రశ్నలు చూస్తే బిడ్డ ఎక్కడ ఆగిపోతున్నాడో డాక్టరుగారికి తెలుస్తుంది.